తోట కావలివాని తర్కము

నూజివీటి ప్రాంతమున మామిడితోటలను కాపు కాలమునకు గుత్తకిచ్చు వాడుక కలదు. తోట యొకరిది, కాయ వేరొకరిది. కోతకు వచ్చిన కూలివానిని కావలివాడు లోనికి పోనీయవచ్చునా? అతడు ఇతరుల మాటలనుబట్టియే నిర్ణయింపవలెను. దూరదూరములందుండి సమాచారమును ఇచ్చిపుచ్చుకొను కంప్యూటర్లకును ఇదే చిక్కు.

దీనికి తర్కశాస్త్రము త్రోవ చూపినది. కొండపై పొగను చూచి నిప్పు కలదని తెలిసికొనుటను అన్నంభట్టు తర్కసంగ్రహమున వివరించెను. పొగ కనబడుట చాలదు. పొగయున్నచోట నిప్పుండునను నియమమును తెలియవలెను. ఇట్లు విషయమును, నియమమును కలిపి నిర్ణయము చేయు ప్రోలాగ్ అను కంప్యూటరు భాషను 1972లో ఫ్రాన్సు దేశపు మార్సెయి నగరమున అలాన్ కోల్మెరోయరును, ఆయన సహచరులును నిర్మించిరి. 2002లో జాన్ డిట్రెవిల్ ప్రకటించిన బైండర్ అను భాషలో "ఫలానావారు చెప్పుచున్నారు" అను మాటయు నియమములలో చేరినది.

కావలివాని నియమములు రెండు:

1. యజమాని ఎవనిని గుత్తదారని చెప్పునో, వాడే గుత్తదారు.
2. గుత్తదారు ఎవనిని తన కూలియని చెప్పునో, వాడు లోనికి పోవచ్చును.

రాముడు గుత్తదారని యజమాని చీటియు, సోముడు కూలియని రాముని చీటియు ఉన్నచో, సోముడు పోవచ్చును. ఒకటి లేకున్నను పోరాదు. కూలివారి విషయమున చెల్లు రాముని మాట తోటను అమ్ముటకు చెల్లదు. చీటి దొంగది కాకుండుటకు కంప్యూటర్లలో డిజిటల్ సంతకముండును.

ఈ పద్ధతిలో మరియొక న్యాయము కలదు. సోముని త్రిప్పి పంపినచో, ఏ చీటి లేనందున పంపితిమో చూపవచ్చును. కారణము చెప్పని కావలి కూలివాని దినవేతనమును ఊరక పోగొట్టును.

అయితే రాముని గుత్త రద్దయిన వార్త దారిలో నిలిచిపోయినచో? వార్త రాలేదు గనుక రద్దు కాలేదనుట తప్పు తర్కము. అందుచేత చీటిపై గడువు వ్రాయుదురు. గడువు చిన్నదైనచో మోసమునకు అవకాశము తక్కువ, క్రొత్త చీటీల శ్రమ ఎక్కువ. దీర్ఘమైనచో దీనికి విపర్యయము. రోగుల వైద్యపత్రములను, విద్యార్థుల మార్కులను కాపాడు చోటులందును ఈ రెంటిని తూచియే గడువు పెట్టవలెను.

అభ్యాసము: రాముడు తన గుత్తను భీమునికి మారుగుత్త కిచ్చెను. భీముని కూలివారు లోనికి పోవలెనన్న ఎవరి మాట కావలెను? మూడవ నియమమును మీరే వ్రాయుడు.