నిరీక్షణ ఎక్కువే, అయినా అడ్డదారి వద్దు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి, అల్లుడు ఇక్కడి బిడ్డను దత్తత తీసుకోవాలని కేంద్ర దత్తత సంస్థ ‘కారా’లో నమోదై ఎదురుచూస్తున్నారు. ఆశ్రమాల్లో అంతమంది పిల్లలుండగా ఇంత ఆలస్యమెందుకు?
– ఓ తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఆత్రం సహజం. కానీ ఆశ్రమాల్లోని పిల్లలందరినీ దత్తతకు ఇవ్వరు. చాలామందికి అమ్మో నాన్నో ఉంటారు. బిడ్డను అప్పగించిన తల్లి మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలలు ఇస్తుంది. ఆ తర్వాతే బాలల సంక్షేమ సమితి దత్తతకు అనుమతిస్తుంది. ఆ గడువు పేదతల్లి హక్కు, దాన్ని కుదించమని అడగకూడదు. అడ్డదారులూ వద్దు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత మాటున పసికందుల అమ్మకాలు బయటపడ్డాయి. ‘తెలిసిన ఆస్పత్రిలో దొరికితే?’ అనుకోవద్దు, కారా నిరభ్యంతర పత్రం లేకుండా ఆ బిడ్డ దేశం దాటలేదు. మీ అమ్మాయి, అల్లుడు భారత పౌరులైతే వరుసలో ఇక్కడివారితో సమానమే. వాళ్ల కుటుంబ పరిస్థితులపై ఇచ్చే హోమ్ స్టడీ నివేదిక మూడేళ్లే చెల్లుతుంది, గడువులోగా కొత్తది చేయించుకోమనండి.