బ్యాగు సంగతి సరే, ఆ బిళ్లల సంగతేంటి?

శివరాత్రి దగ్గర పడుతోంది. శ్రీశైలం దారిలో కెమెరాలతో తిరిగేవాళ్లు ఈసారి ఎక్కువగా రాశారు. అందరిదీ వీపు మీద మోసే బ్యాగు గొడవే. మలబద్ధకం, జుట్టు రాలడం గురించి రాసినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నా వయసు 27. పెద్దదోర్నాలలో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తాను. తీరిక దొరికితే తుమ్మలబైలు వైపు పక్షుల ఫొటోలకు వెళ్తాను. రెండు బాడీలు, 24-70, 70-200, ఒక పెద్ద జూమ్, రెండు ఫ్లాష్‌లు, ల్యాప్‌టాప్, ట్రైపాడ్ అన్నీ ఒకే బ్యాగులో వేసుకుని బండి మీద తిరుగుతాను. ఏడాదిగా కుడి భుజం లాగేస్తోంది. చెయ్యి బయటి వైపు బొటనవేలి దాకా తిమ్మిరి. ఒంగోలు వెళ్లి నేనే ఎమ్మారై తీయించుకున్నాను. మెడలో డిస్కు ఉబ్బిందని రిపోర్టులో ఉంది. చెయ్యి పడిపోతుందని, ఆపరేషన్ తప్పదని నెట్‌లో చెబుతున్నారు. ప్రస్తుతానికి మెడికల్ షాపు బిళ్లలతో నెట్టుకొస్తున్నాను. నడుం బెల్టు ఉన్న ఖరీదైన బ్యాగు కొంటే తగ్గుతుందా? ఏ కంపెనీది కొనమంటారు?
— ఒక ఫొటోగ్రాఫర్, పెద్దదోర్నాల

జవాబు: లెన్సుల నంబర్లతో సహా సామానంతా రాశారు. బిళ్ల పేరు మాత్రం రాయలేదు. రోజుకెన్ని, ఎన్నాళ్లుగా అన్నదీ లేదు. నాకు ముందు కావాల్సింది అదే బాబూ.

మీరు రాయకపోయినా ఊహించగలను. రోజూ ఇలాంటి పొట్లాలు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. చించిన పేపరు ముక్కలో మూడు బిళ్లలు. ఒకటి నొప్పి బిళ్ల, ఒకటి గ్యాస్ బిళ్ల, మూడోది వేలి కొనకు అంటుకుపోయేంత చిన్న తెల్ల బిళ్ల. ఆ చిన్నది చాలాసార్లు స్టెరాయిడ్. అది వేసుకున్న రోజు భుజం పువ్వులా తేలిపోతుంది. ఆకలి పుడుతుంది, మొహం నిండుగా అవుతుంది, ‘పిల్లాడు ఒళ్లు చేశాడు’ అని ఇంట్లో సంతోషిస్తారు. లోపల షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముక గుల్లబారుతుంది. నెలల తరబడి వాడి ఉంటే ఈ శీర్షిక చదివి రేపు పొద్దున్నే దాన్ని టక్కున మానేయకండి. ఒంట్లో తయారవ్వాల్సిన సహజ స్టెరాయిడ్ ఆ పాటికి నిద్రపోయి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. స్ట్రిప్పు కవరు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. షాపువాడు కవరు ఇవ్వనంటే అసలు అక్కడ కొనకండి.

ఇక నొప్పి బిళ్ల. మీరు పక్షులవాళ్లు కాబట్టి మీకు తెలిసిన సంగతే చెబుతాను. 1990ల నుంచి మన దేశంలో రాబందులు కుప్పలుగా చచ్చిపోయాయి. డైక్లోఫెనాక్ ఎక్కించిన పశువుల కళేబరాలు తిని వాటి మూత్రపిండాలు పాడయ్యాయని 2004లో తేలింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. మనిషి రాబందు కాదు, ఒక మోతాదుకు చావడు. నాలుగు రోజులు డాక్టరు చెప్పినట్టు వాడితే ఇది మంచి మందే, నేనూ రాస్తాను. కానీ మూత్రపిండానికి రక్తం సరిగా అందేలా చూసే ఏర్పాటును ఈ జాతి మందులన్నీ కొంత అడ్డుకుంటాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ దెబ్బ రెట్టింపు. మే నెల మార్కాపురం ఎండలో, పెళ్లిపందిట్లో, పొద్దున్నించీ నీళ్లు తాగకుండా నిలబడి, బాత్రూం దొరకదని ఇంకా తక్కువ తాగి, మధ్యాహ్నం ఒక బిళ్ల, రాత్రి రిసెప్షన్‌కి ఇంకొకటి వేసుకునే మనిషిని ఊహించుకోండి. ఆ మనిషి మీరే కదా?

మన పడమటి ప్రకాశంలో దీనికి ఇంకో తంటా ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా మూత్రపిండాలే. వాటిని బిళ్లలతో పాడు చేసుకుంటే ఫ్లోరైడ్ ఎముకల్లో మరింత పేరుకుంటుంది. ఇతర ఊళ్లవాళ్లకు కొంత చెల్లుబాటయ్యే తప్పు మనకు చెల్లదు. ఈ వారమే క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష, బీపీ చూపించుకోండి. ఒక ఫ్లాష్ బ్యాటరీ సెట్టు ఖర్చు కూడా అవదు.

స్కాను గురించి. ఎవరూ రాయకుండా మీ అంతట మీరే తీయించుకోవడం మొదటి తప్పు. రిపోర్టును ఫోనుకు అప్పగించడం రెండోది. 2015లో జపాన్ వైద్యులు ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీసి ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో నూటికి 87 మందికి పైగా డిస్కు ఉబ్బి ఉంది. ఇరవైల్లో ఉన్న కుర్రకారులోనూ నూటికి డెబ్బై దాటింది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే. రిపోర్టులో ‘బల్జ్’ అన్న మాట కనపడగానే రాత్రి రెండు దాకా వీడియోలు చూడటం వల్ల మెడ ఇంకా వంగుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. భయపెట్టినంత సేపూ చూస్తారని ఆ వీడియోలు తీసేవాడికి తెలుసు. మీకూ తెలియాలి, ఫ్రేము కట్టేవాళ్లు కదా.

మీరు రాసిన లక్షణాలను బట్టి డిస్కు కంటే ముందు నేను అనుమానించేది బ్యాగు పట్టీని. మెడ నుంచి చేతికి దిగే నరాల కట్ట మెడకూ భుజానికీ మధ్య నుంచే వెళ్తుంది. బరువైన పట్టీ గంటల కొద్దీ అక్కడ నొక్కితే భుజం నీరసిస్తుంది, చెయ్యి బయటి వైపు తిమ్మిరెక్కుతుంది. బరువు తీసేస్తే చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. ఇది నా అనుమానమే. ఉత్తరం చదివి నరం పరీక్ష చేయలేను. చెయ్యి పక్కకు ఎత్తలేకపోతున్నా, గోడను తోసినప్పుడు రెక్క ఎముక వెనక్కి పొడుచుకొస్తున్నా, నడకలో కాళ్లు తడబడుతున్నా వెంటనే న్యూరాలజిస్టుకు చూపించండి. అక్కడికి స్కాను పట్టుకెళ్లండి, పనికొస్తుంది.

ఇప్పుడు బ్యాగు. కొనే ముందు పాతదాన్ని నిండా సర్ది కిరాణా కాటా మీద పెట్టండి. మీ జాబితా లెక్క వేస్తే పన్నెండు, పదమూడు కిలోలు తేలుతోంది. అరవై కిలోల మనిషికి అది ఐదో వంతు పైమాటే. ఎంత ఖరీదైన బ్యాగూ అందులో ఒక్క కిలో తగ్గించదు, పైగా ఖాళీ బ్యాగే రెండు కిలోలు ఉంటుంది. మంచి బ్యాగు చేసేదల్లా బరువును భుజాల మీంచి తుంటి మీదికి దించడం. నడుం బెల్టు పని అదే. అది పొట్ట మీద కాదు, రెండు వైపులా చేతికి తగిలే తుంటి ఎముకల మీద కూర్చోవాలి. ముందు దాన్ని బిగించాలి, తర్వాత భుజం పట్టీలు, ఆఖరున రొమ్ము పట్టీ. ఆన్‌లైన్‌లో లీటర్లు చూసి కొంటారు, వీపు పొడవు చూడరు. తల వంచితే మెడ అడుగున ఒక ఎముక బుడిపెలా తగులుతుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల వరస దాకా టేపుతో కొలిపించుకోండి. బ్యాగు వీపు భాగం ఆ కొలతకు సరిపోకపోతే బెల్టు గాల్లో వేలాడుతుంది. బరువైన లెన్సులు వీపుకు ఆనుకుని మధ్యలో ఉండాలి, బయటి అరల్లో కాదు. ఒంటి భుజానికి తగిలించుకోవడం నేటితో బంద్.

రోజూ తిరగడానికీ, పెళ్లికీ ఒకే బ్యాగు ఎందుకు? టీ తాగడానికి సెంటర్‌కి వెళ్లినా ఆ పదమూడు కిలోలూ వీపెక్కుతున్నాయి. ఇంట్లో ఉన్న మామూలు బ్యాగులో మెత్తటి అరల పెట్టె ఒకటి దించుకుంటే రోజువారీకి ఒక బాడీ, ఒక లెన్సు సరిపోతాయి. పెళ్లి సామాను చక్రాల పెట్టెలో పెట్టండి. పెద్ద జూమ్ పక్షుల రోజు మాత్రమే బయటికి రావాలి. దోర్నాల నుంచి శ్రీశైలం దాదాపు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఆ మలుపుల్లో వీపున బరువుతో బండి నడిపితే ప్రతి కుదుపూ మెడకే. వెనక సీటు మీద దుప్పటి మడత వేసి, దాని మీద కట్టేయండి. లెన్సు అదిరిపోతుందంటారా? లెన్సు రిపేరు చేసేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు.

కంపెనీ పేరు చెప్పను. లోప్రో పెట్టిన గ్రెగ్ లోవ్ కొండలెక్కే మనిషి, నడుం మీద బరువు మోయడం తెలిసినవాడు. అలాగని ఆ పేరుంటే మీ వీపుకు సరిపోతుందని కాదు. మీ సామానంతా పట్టుకెళ్లి షాపులోనే సర్ది, పావుగంట వేసుకుని తిరిగి చూసి కొనండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ప్రశ్న: వానకు తడవని బ్యాగు ఏది మంచిది సార్?
— యర్రగొండపాలెం

జవాబు: ఇది ఆరోగ్య శీర్షిక. రెయిన్ కవరు కొనుక్కోండి.

ప్రశ్న: నా వయసు 23. గిద్దలూరు దగ్గర పల్లె. పెళ్లి కాలేదు. ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నాను. ఐదు కిలోల కెమెరా బ్యాగు వేసుకుంటాను. పట్టీలు రొమ్ముల మీద నొక్కుతున్నాయి. బరువులు మోస్తే గర్భసంచి జారిపోతుందని, రేపు పిల్లలు పుట్టరని మా పెద్దమ్మ రోజూ అంటోంది. నిజమేనా? బ్యాగు మానేయాలా?

జవాబు: మానేయొద్దు తల్లీ. ఐదు కిలోల బ్యాగుతో నీ వయసు ఆరోగ్యవంతురాలికి గర్భసంచి జారదు, పిల్లలు పుట్టకుండా పోరు. గర్భసంచి జారడం ఎక్కువగా కాన్పులు అయినవాళ్లలో, వయసు మీద పడ్డాక చూస్తాం. కష్టమైన కాన్పులు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, బాలింతగా ఉండగానే పెద్ద బరువులెత్తడం దానికి దారి తీస్తాయి.

మీ పల్లెలో ఆడవాళ్లు కట్టెల మోపులు, గడ్డి మోపులు ఎత్తుకుని రావడం నువ్వు చూస్తూనే ఉంటావు. ఆ మోపు ఐదు కిలోలు ఉంటుందా? అప్పుడు ఎవరికీ గుర్తురాని గర్భసంచి కెమెరా దగ్గర ఎందుకు గుర్తొచ్చింది? పెద్దమ్మ భయం బ్యాగు గురించి కాకపోవచ్చు. ఆడపిల్ల ఒంటరిగా ఊళ్లు తిరుగుతోంది, పొద్దుపోయి వస్తోంది, సంబంధాలు చూసేటప్పుడు ఏమనుకుంటారో అన్నది ఆమె దిగులు. ఆ దిగులును తిట్టకు. ఒకసారి ఆమెను నీ వెంట షూటింగ్‌కి తీసుకెళ్లు, ఆవిడకే మంచి ఫొటో ఒకటి తీసిపెట్టు. వైద్యం పేరు చెప్పి ఆపితే మాత్రం ఈ పేజీ చూపించు, డాక్టరే రాశాడని చెప్పు.

బ్యాగులు చాలావరకు మగవాళ్ల భుజాల కొలతకు కుట్టినవి. పట్టీలు వంపు తిరిగి రొమ్ముల పక్కగా దిగేవి, వీపు పొడవు తక్కువ ఉన్నవి చూడు. రొమ్ము పట్టీ పైకీ కిందికీ జరిగేదై ఉండాలి. దాన్ని రొమ్ముల పైన, మెడ ఎముకలకు నాలుగు వేళ్ల కింద పెట్టుకో. పట్టీ ఒత్తిడికి కాస్త నొప్పి రావచ్చు గానీ అది జబ్బు కాదు. గడ్డ చేతికి తగిలితే మాత్రం సిగ్గుపడకుండా డాక్టరమ్మకు చూపించు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. స్కూలు బ్యాగుతో పాటు కెమెరా బ్యాగు కూడా ముందు వైపు తగిలించుకుంటున్నాడు. పర్వాలేదా?
— ఒక తండ్రి, మార్కాపురం

జవాబు: పర్వా ఉంది. పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ స్కూలు బ్యాగు విధానమే చెబుతోంది. అది రెండు బ్యాగులూ కలిపి. స్కూలుకు కెమెరా ఎందుకు? కొనిపెట్టింది మీరే కదా, ఆదివారాలు మీరు మోయండి.

ప్రశ్న: నేను 58 ఏళ్ల రిటైర్డ్ టీచర్‌ని. ఊరు కొనకనమిట్ల దగ్గర. అమెరికాలో ఉన్న కొడుకు కెమెరా, దానికి మంచి బ్యాగు పంపాడు. త్రిపురాంతకం, మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి ఫొటోలు తీయాలని ఆశ. కానీ బ్యాగు పట్టీలు పొట్టివి. ఒక చెయ్యి దూర్చాక రెండో చెయ్యి వెనక్కి పోయి పట్టీలో దూరడం లేదు. ఎవరో ఒకరు తొడగాలి. నడుం కూడా కర్రలా ఉంటోంది. పెద్ద పట్టీల బ్యాగు తెప్పించుకోనా?

జవాబు: మాస్టారూ, వద్దండీ. పట్టీలు పొట్టివి కాదు.

ఇంట్లోనే మూడు పనులు చేసి చూడండి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించండి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోండి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టండి. ఇవి చేయలేకపోతే, చిన్నప్పటి నుంచీ మీ ఊరి బోరు నీళ్లే తాగినవారైతే, ఫ్లోరోసిస్ అవునో కాదో తేల్చుకోవాలి. భుజం పట్టేయడానికి షుగర్ కూడా కారణం కావచ్చు, అదీ చూపించుకోండి. ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షతో చాలావరకు తెలుస్తుంది.

ఇది మన ప్రాంతానికి కొత్త జబ్బు కాదు. 1937లోనే షార్ట్, ఆయన తోటి వైద్యులు నెల్లూరు జిల్లాలో దీన్ని గుర్తించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. కాస్తే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ అలాగే మిగిలి చిక్కబడుతుంది. ముదిరిన బిగువు పూర్తిగా వెనక్కి పోదు, ఆ అబద్ధం మీకు చెప్పను. కానీ ఇప్పటినుంచైనా పరీక్ష చేయించిన మంచి నీళ్లు తాగుతూ, పాలు, ఉసిరి, ఆకుకూరలు తింటూ, ఫిజియోథెరపిస్టు చెప్పిన కదలికలు రోజూ చేస్తే ముదరకుండా నిలబెట్టుకోవచ్చు, నొప్పీ తగ్గుతుంది. మనవలున్న ఇల్లైతే వాళ్ల నీళ్లు ముందు మార్చండి.

ఫొటోలు మానొద్దు. బ్యాగును బల్ల మీద పెట్టి, దానికి వీపు ఆనించి తొడుక్కోవచ్చు. లేదా కెమెరా ఒక్కటే చేతిసంచిలో వేసుకోండి, గుడికి ఇంకేం కావాలి? నొప్పి బిళ్లలు వాడుతుంటే పై ఫొటోగ్రాఫర్‌కి రాసింది మళ్లీ చదవండి. తీసిన ఫొటో ఒకటి నాకూ పంపండి.

ప్రశ్న: కెమెరా బ్యాగు నడుం బెల్టు బిగిస్తే ఎడమ తొడ బయటి వైపు మొద్దుబారి మంటగా ఉంటోంది. పక్షవాతమా అని నెట్‌లో చూశాను.
— కంభం

జవాబు: మళ్లీ నెట్! పక్షవాతం కాదు. తుంటి ముందు నుంచి తొడ చర్మానికి వెళ్లే సన్న నరం బెల్టు కింద నలుగుతోంది. కాలు బలంగానే ఉందిగా? బెల్టు వదులు చేయండి, బిగుతు జీన్స్ మానండి, పొట్ట ఉంటే తగ్గించండి. నెలలో పోకపోతే షుగర్ పరీక్షతో రండి. రెండు కాళ్లూ నీరసిస్తే, మూత్రం ఆగితే, కూర్చునే చోట స్పర్శ తెలియకపోతే మాత్రం ఉత్తరం రాస్తూ కూర్చోకండి, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.