కావలి లేని కంప్యూటరు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయము

2016 అక్టోబరు 11న మహబూబునగరు జిల్లా నుండి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడినవి. నాటి నుండి ఈ మూడు జిల్లాలలో గ్రామ పరిపాలన క్రమముగా కంప్యూటరుపై ఆధారపడుచు వచ్చినది. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు నమోదగుచున్నవి. ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపు డిజిటల్ కీతో జరుగుచున్నది. కావున పంచాయతీ సొమ్ము భద్రముగా ఉన్నదా యని విచారించు సభ్యులు, ఆ కీ పెట్టెడి కంప్యూటరు భద్రముగా ఉన్నదా యనియు విచారింపవలసి యున్నది.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా నేమి?

కంప్యూటరు మీట నొక్కగానే ముందుగా మేల్కొని, తెరను, కీబోర్డును, ప్రింటరును, ఇంటర్నెట్టును పనిచేయించు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మన కార్యాలయములలో ఎక్కువగా కనబడునది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. ఇది మనుష్యులు వ్రాసినదే గనుక ఇందు లోపములు అప్పుడప్పుడు బయటపడుచుండును. తయారుచేసిన సంస్థ వానిని సవరించి ఇంటర్నెట్టు ద్వారా పంపును. ఈ సవరణలనే అప్‌డేట్లు అందురు. కొన్ని సంవత్సరములకు ఒక గడువు విధించి, ఆ పిమ్మట వానిని పంపుట మానివేయును.

దీనిని మన చెరువులతో పోల్చి చూడుడు. శ్రీరంగాపురములోని రంగసముద్రము వంటి చెరువునకు నీరడి కావలి యుండును. అతడు కట్టపై తిరుగుచు బుంగ కనబడగానే పూడ్పించును. నీరడి మానివేసిన మరునాడే చెరువు తెగిపోదు. నీరు నిండుగనే యుండును. తూము పారుచునే యుండును. కాని బుంగ పడిననాడు చూచువా డుండడు. గడువు తీరిన ఆపరేటింగ్ సిస్టమ్ స్థితియు ఇట్టిదే. పని జరుగుచునే యుండును గనుక ప్రమాదము కంటికి కనబడదు.

గడువు తీరినవి ఏవి?

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోను, 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 8.1కు 2023 జనవరి 10తోను గడువు ముగిసినది. 2015లో వచ్చిన విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 10 వాడు సంస్థలు ఏటేట రుసుము చెల్లించినచో మూడు సంవత్సరముల వరకు రక్షణ అప్‌డేట్లు పొందవచ్చును.

చిక్కు భద్రతతోనే తీరదు. 2023 ఫిబ్రవరి నుండి గూగుల్ క్రోమ్ కొత్త కూర్పులు విండోస్ 7పై పనిచేయుట లేదు. పాత బ్రౌజరులో ప్రభుత్వ వెబ్‌సైట్లు సరిగా తెరువబడకపోవచ్చును. అట్టి సమయమున దోషము వెబ్‌సైటుదని తలచుట పరిపాటి.

పాతవి ఇంకను వాడుకలో నుండుటకు కారణములు లేకపోలేదు. యంత్రము నడచుచునే యున్నది. మార్చుటకు నిధులు చాలవు. పాత ప్రింటరు కొత్తదానితో పనిచేయదు. 2018కి పూర్వపు కంప్యూటర్లు చాలవరకు విండోస్ 11కు తగవు. ఈ కారణములు నిజమైనవే యైనను, నష్టము జరిగిన పిమ్మట అవి మనకు అక్కరకు రావు.

2017 మే నెల నేర్పిన పాఠము

2017 మే 12న వన్నాక్రై అను హానికర ప్రోగ్రాము 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకొనెను. అందలి ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు అడిగెను. బ్రిటన్ దేశపు ప్రభుత్వాసుపత్రులలో వేలాది రోగుల చికిత్సలు వాయిదా పడెను. మన ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోను, తిరుమల తిరుపతి దేవస్థానములలోను కొన్ని కంప్యూటర్లు దీని వాత బడెను.

ఆ లోపమునకు సవరణ రెండు నెలల ముందే, మార్చి 14ననే వెలువడినది. చిక్కినవానిలో ఎక్కువ భాగము విండోస్ 7 యంత్రములు. నాటికి దానికి గడువు తీరలేదు. సవరణను పెట్టుకొనకపోవుటయే కారణము. ఎక్స్‌పీ వాడువారికి మాత్రము దాడి మొదలైన పిమ్మటనే సవరణ అందరకు లభించెను. గడువు లోపలి సిస్టమ్ ఉండవలెననియు, దానికి అప్‌డేట్లు వెంటవెంటనే పెట్టవలెననియు దీనివలన తెలియుచున్నది.

ఇంటిపన్ను పట్టీ, జనన మరణముల నమోదు, చెల్లింపుల వివరములు ఒక్క ఉదయమున మూతబడినచో గ్రామము గతి ఏమి? అమ్రాబాదు వంటి అడవి మండలములోని పల్లెకు కంప్యూటరు బాగుచేయువాడు చేరుటకే జాగు కావచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

1. కంప్యూటరు పంచాయతీలో నున్నను, మండల పరిషత్తులో నున్నను, దాని సిస్టమ్ ఏదో తెలిసికొనవలెను. కీబోర్డుపై విండోస్ గుర్తు మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, వచ్చిన గడిలో విన్‌వర్ అని ఆంగ్లాక్షరములలో వ్రాసిన పేరు తెలియును. దానిని రిజిస్టరులో వ్రాయవలెను.

2. డిజిటల్ కీని గడువు తీరిన కంప్యూటరులో పెట్టరాదు. పని ముగియగానే కీని తీసి భద్రపరుపవలెను.

3. ముఖ్యమైన ఫైళ్లకు వారమున కొకసారి ప్రతి తీయవలెను. ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీసి బీరువాలో నుంచవలెను; తగిలించి యుంచినచో దానికిని తాళము పడును.

4. పాత యంత్రము తప్పనిసరియైనచో ఇంటర్నెట్టు తీసివేసి టైపు పనికి మాత్రము వాడవలెను. పరుల పెన్‌డ్రైవులు పెట్టనీయరాదు.

5. కొనుటకు నిధులు లేనిచో ఉచితముగా లభించు లినక్స్ రకములు కలవు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి బాస్ అట్టిది. అందు తెలుగును కలదు. అయితే డిజిటల్ కీ దానితో పనిచేయునో లేదో ముందుగా పరీక్షింపవలెను. దొంగ విండోస్ ప్రతులను దరిచేరనీయరాదు.

6. పాత కంప్యూటరును అమ్ముటకు ముందు అందలి డిస్కును తీసివేయవలెను.

7. ఫైళ్లకు తాళము పడినచో వెంటనే ఇంటర్నెట్టు తీసివేసి పై అధికారులకు తెలుపవలెను. సొమ్ము పోయినచో 1930కి ఫోను చేయవలెను. జాగు చేసినకొలది సొమ్ము తిరిగివచ్చు అవకాశము తగ్గును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

మన పంచాయతీ పని జరుగు కంప్యూటరు సిస్టమ్ ఏది? దాని గడువు ఎన్నడు? కడపటి ప్రతి ఏ తేదీన తీసినారు? డిజిటల్ కీ ఎవరి అధీనమున నున్నది? ఈ నాలుగింటికి జవాబులు వచ్చు సమావేశపు మినిట్సులో నుండవలెను. జవాబు దొరకని ప్రశ్న ఏదైన నున్నచో అందుండియే పని ప్రారంభింపవలెనని మా మనవి.