గీజరు కింద నీటి చుక్కలు

ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున వేడినీళ్లు లేనిదే స్నానం చేయబుద్ధి కాదు. పూర్వం పెరట్లో కట్టెలపొయ్యి మీద కాగుతో నీళ్లు కాచుకునేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పని గీజరు చేస్తోంది. ఒకనాడు ఆ గీజరు కింద నేల తడిసి కనిపించిందనుకోండి. తల ఎత్తి చూస్తే చుక్క చుక్కగా నీరు కారుతోంది. అప్పుడు ఏం చేయాలి? చుక్కలే కదా అని ఊరుకోవచ్చునా? కారే చోట గుడ్డపీలిక బిగించి కట్టవచ్చునా? రెండూ కూడదు. ఎందుకు కూడదో తెలుసుకోవడానికి మీరు తరగతిలో చదివిన పాఠాలే చాలు.

గీజరు లోపల ఏముంది?

గీజరులో ముఖ్యమైనది ఒక లోహపు ట్యాంకు. ఇళ్లలో వాడేవాటిలో సాధారణంగా 15 లేక 25 లీటర్ల నీరు పడుతుంది. మేడమీది తొట్టి నుంచి చన్నీరు ఒక గొట్టం ద్వారా లోపలికి వస్తుంది. వేడినీరు మరొక గొట్టం ద్వారా బయటికి పోతుంది. ట్యాంకులో నీటిని వేడిచేసే కడ్డీ ఉంటుంది. చాలా గీజర్లలో దాని సామర్థ్యం 2,000 వాట్లు. నీరు తగినంత వేడెక్కగానే థర్మోస్టాట్ అనే సాధనం విద్యుత్తును ఆపివేస్తుంది. చన్నీటి గొట్టం వద్ద ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. చాలా గీజర్లలో తీగలు కలిసేది అడుగు మూత లోపల. ఈ చివరి మాట బాగా గుర్తుంచుకోండి.

మొదట విద్యుత్తు, తరువాతే నీరు

స్వచ్ఛమైన నీరు విద్యుత్తును దాదాపు ప్రసరింపనీయదు. కాని మన కుళాయి నీటిలో, బోరు నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. అందుచేత ఆ నీరు విద్యుద్వాహకమే. కారే నీరు అడుగు మూతలోని తీగలను తడిపితే గీజరు లోహభాగాలకు, గొట్టానికి, కుళాయికి కూడా విద్యుత్తు పాకవచ్చు.

ఇప్పుడు ఓమ్ నియమాన్ని గుర్తుకు తెచ్చుకోండి. తడిసిన శరీరపు నిరోధం సుమారు 1,000 ఓములనుకుందాం. మన ఇళ్లలో విద్యుత్తు 230 వోల్టులు. 230ని 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. 10 మిల్లీ ఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న కుళాయిని వదలలేకపోవచ్చు. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు ప్రవహిస్తే గుండెకు, ఊపిరికి ముప్పు.

"మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది, అదే ఆపేస్తుంది" అంటారా? గీజరు మామూలుగా తీసుకునే ప్రవాహం 2,000ని 230తో భాగిస్తే వస్తుంది. అది సుమారు 8.7 ఆంపియర్లు. అందుకే దానికి సాధారణంగా 16 ఆంపియర్ల ఎం.సి.బి. పెడతారు. పదహారు దాటితేగాని అది చలించదు. ఇక 0.23 ఆంపియర్లు దాని దృష్టికే రావు!

మనిషిని కాపాడేవి వేరే రెండున్నాయి. మొదటిది ఎర్త్ తీగ. గీజరు ట్యాంకును అది భూమితో కలుపుతుంది. దాని నిరోధం చాలా తక్కువ కనుక, దారి తప్పిన విద్యుత్తు మనిషి గుండా కాక ప్రధానంగా ఆ తీగ గుండా పోతుంది. మూడు కాళ్ల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉన్న కాలు దీనిదే. పొడుగ్గా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందుగా తగులుతుంది, తీసేటప్పుడు చివరగా విడిపోతుంది. రెండవది ఆర్.సి.సి.బి. అనే సాధనం. వెళ్లిన ప్రవాహమూ తిరిగి వచ్చిన ప్రవాహమూ సమానంగా ఉన్నాయా అని ఇది ఎల్లప్పుడూ పోల్చి చూస్తుంది. ఇళ్లలో సాధారణంగా పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో కొద్ది భాగంలోనే విద్యుత్తును తెంచివేస్తుంది.

కాబట్టి నీరు కారడం చూడగానే గీజరును గాని, కుళాయిని గాని ముట్టుకోకండి. తడి నేలమీద నిలబడకండి. పొడి చేతులతో, పొడి చోట నిలబడి గీజరు స్విచ్చి ఆపండి. ఆ స్విచ్చే తడిసి ఉంటే దాన్ని ముట్టక ఇంటి మెయిన్ ఆపండి. వెంటనే పెద్దలకు చెప్పండి.

చుక్క ఎక్కడిది?

విద్యుత్తు ఆగిన తరువాత చుక్క రాలే చోటును కొంచెం దూరం నుంచి గమనించండి. ట్యాంకులోని నీరు ఇంకా వేడిగానే ఉంటుంది, జాగ్రత్త. చుక్కలు రాలే చోట్లు ముఖ్యంగా మూడు.

సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు రాలితే అది చాలాసార్లు లోపం కాదు. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న 15 లీటర్ల నీరు 60 డిగ్రీలకు చేరితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అంటే ఒక గ్లాసెడు! నీరు వెనక్కు పోయే దారి లేకపోతే పీడనం పెరుగుతుంది. అప్పుడు వాల్వు కొద్దిగా తెరుచుకొని ఆ నీటిని వదులుతుంది. చల్లబడ్డాక చుక్కలు ఆగిపోతాయి. ఆగకుండా కారుతూనే ఉంటే మాత్రం వాల్వును, థర్మోస్టాట్‌ను, నీటి పీడనాన్ని పరీక్షింపజేయాలి.

గొట్టాల అతుకుల వద్ద కారితే విద్యుత్తు ఆపినా, నీరు చల్లబడినా చుక్కలు ఆగవు. చన్నీటి గొట్టపు వాల్వు కట్టివేసి చూడండి. కాసేపటికి ఆగితే లోపం ఆ గొట్టపు అతుకులో ఉండవచ్చు. ప్లంబరు వాషరు మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బాగుచేస్తాడు.

అడుగు మూత నుంచి కారడం అన్నిటికంటె ప్రమాదం. తీగలున్నది అక్కడే కదా! వాల్వు కట్టినా చాలాసేపు చుక్కలు రాలుతుంటే, అందులోనూ తుప్పురంగు కనిపిస్తే, ట్యాంకుకే చిల్లి పడి ఉండవచ్చు. ట్యాంకుకు బదులు తాను కరిగిపోయేలా లోపల ఒక మెగ్నీషియం కడ్డీని అమర్చుతారు. అది అరిగిపోయాక తుప్పు ట్యాంకును పడుతుంది. ఇక కఠిన జలాన్ని కాచినప్పుడు అందులోని కాల్షియం బైకార్బనేట్ విడిపోయి, కాల్షియం కార్బనేట్ తెల్లని పెచ్చుగా వేడిచేసే కడ్డీ మీద పేరుకుంటుంది. సేఫ్టీ వాల్వు దారి కూడా దానితో పూడిపోవచ్చు. కనుక నిపుణుని చేత అప్పుడప్పుడు శుభ్రం చేయించాలి.

ఎన్నడూ చేయరాని పని

సేఫ్టీ వాల్వు చుక్కలు కారుస్తోందని దాని నోటికి బిరడా బిగించడం, లప్పం పూయడం ప్రాణాంతకం. థర్మోస్టాట్ చెడిపోయి, వాల్వు కూడా మూసుకుపోతే మూసిన ట్యాంకులో నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ట్యాంకు పగిలిన క్షణంలో పీడనం పడిపోయి, ఆ నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి! మీ వంటింటి ప్రెషర్ కుక్కరుకు సేఫ్టీ ప్లగ్గు పెట్టింది కూడా ఇటువంటి ప్రమాదం రాకుండానే. పదిహేడవ శతాబ్దంలో మూసిన పాత్రలో ఎముకలను ఉడికించిన ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ కూడా తన పాత్రకు సేఫ్టీ వాల్వును అమర్చాడు.

మూత విప్పడం, తీగలు ముట్టడం మీ పని కాదు. అవి ఎలక్ట్రీషియన్‌కు వదలండి. అతడు వచ్చినప్పుడు, ఎర్త్ సరిగా ఉందో లేదో కూడా పరీక్షించమని అడగండి. బాగుచేసిన తరువాత వేడినీటి కుళాయిలో ధారగా నీరు వచ్చేవరకు స్విచ్చి వేయకూడదు. నీరు లేని ట్యాంకులో కడ్డీ కాలిపోతుంది.

మీరు చేయండి

1. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు ఎన్ని లీటర్లు వృథా అవుతాయి?

2. 2,000 వాట్ల గీజరులో 15 లీటర్ల నీరు 25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4,200 జౌళ్లు కావాలి.

3. మీ ఇంటి మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. ఉందేమో పెద్దలతో కలిసి చూడండి. దానిమీద పరీక్ష మీట ఒకటి ఉంటుంది. పెద్దల చేత నొక్కించండి. విద్యుత్తు ఆగితే అది తన పని చేస్తున్నట్టే. ఆగకపోయినా, అసలు ఆ సాధనమే లేకపోయినా, ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించమని ఇంట్లో చెప్పండి.

(జవాబులు: 1. సుమారు 4.3 లీటర్లు. 2. సుమారు 18 నిమిషాలు.)