ఓలివు చెట్ల నీడలో దివ్యబలిపూజ



ప్రతి ఆదివారం విశ్వాసుల ప్రార్థనలో లోకశాంతి కొరకు ఒక మనవి చదువుతారు. మనం జవాబు చెబుతాం. అంతలో తరువాతి మనవి వస్తుంది. ఆ ఒక్క మనవినే కన్నీటితో, ఏళ్ళ తరబడి చేసిన క్రైస్తవ కుటుంబాల గురించి ఈ వారం తెలుసుకుందాం.

బెత్లెహేము పక్కన బెయిత్ జాలా అనే ఊరు ఉంది. అక్కడ అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు చాలామంది ఉన్నారు. ఊరిని ఆనుకొని క్రెమిజాన్ లోయ. అందులో ఓలివు తోటలు, సలేషియన్ గురువుల మఠం, సలేషియన్ సిస్టర్ల మఠం, వారి బడి ఉన్నాయి. 1967 యుద్ధంలో ఈ ప్రాంతం ఇశ్రాయేలు సైన్యం ఆక్రమణలోకి వెళ్ళింది. ఆత్మాహుతి దాడుల నుండి రక్షణ కొరకని 2002లో ఆ ప్రభుత్వం పెద్ద గోడ కట్టడం మొదలుపెట్టింది. ఆ గోడ ఈ లోయ గుండా వెళ్ళాలని నిర్ణయించారు. అలా వెళితే 58 క్రైస్తవ కుటుంబాలకు తాతల నాటి పొలాలు గోడకు అవతల పడతాయి.

ఆ కుటుంబాలు రాళ్ళు పట్టలేదు. న్యాయస్థానానికి వెళ్ళాయి. దానితోపాటు శుక్రవారం శుక్రవారం ఓలివు చెట్ల కింద బల్ల వేసి, గురువులతో కలసి దివ్యబలిపూజ సమర్పించుకున్నాయి. 2015 ఏప్రిల్‌లో గోడ దారిని పునరాలోచించమని సుప్రీంకోర్టు చెప్పింది. అందరూ సంతోషించారు. కాని మఠాల దగ్గర కొంత ఖాళీ వదిలి మిగతా గోడ కట్టుకోవడానికి జూలైలో అనుమతి వచ్చింది. ఆగస్టులో యంత్రాలు వచ్చి ఓలివు చెట్లను పెకలించాయి.

మరి వారి ప్రార్థన వృథా అయిందా? ఈ ప్రశ్నను మనం దాటవేయకూడదు. దానికి జవాబు కొరకు మూడు సంగతులు ఆలోచిద్దాం.

1. న్యాయం లేని శాంతిని మనం అడగరాదు. 85వ కీర్తనలో న్యాయం, శాంతి విడిపోని జంటగా కనిపిస్తాయి. శాంతి లేనిచోట అంతా శాంతమేనని చెప్పినవారిని యిర్మియా ప్రవక్త గద్దించాడు. అందుకే ఆరవ పౌలు పోపుగారు 1967లో న్యాయానికి, శాంతికి కలిపి ఒకే సంఘాన్ని స్థాపించారు. ప్రార్థించిన చేతులతోనే ఆ కుటుంబాలు కోర్టు కాగితాల మీద సంతకాలు చేశాయి. ఈ రెండింటికీ వైరం లేదు.

2. శత్రువును బయట నిలబెట్టి ప్రార్థించరాదు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇశ్రాయేలులో దాదాపు 1,200 మంది మరణించారు. సుమారు 250 మంది బందీలయ్యారు. తరువాత జరిగిన యుద్ధంలో గాజాలో పదుల వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు యెరూషలేము పాట్రియార్కు కార్డినల్ పిజ్జబల్లాగారు అక్టోబరు 17ను ఉపవాస ప్రార్థన దినంగా ప్రకటించారు. బందీలైన పిల్లలు ఇల్లు చేరతారంటే వారికి బదులు తానే వెళ్ళడానికి సిద్ధమన్నారు. ఆయన మందలో పాలస్తీనావారు చాలామంది ఉన్నారు. అయినా ఇశ్రాయేలు తల్లుల దుఃఖం కూడా ఆయన ప్రార్థనలో ఉంది.

3. దూరం నుండి ప్రార్థించి ఊరుకోరాదు. గాజాలోని తిరుకుటుంబ విచారణలో వందలమంది తలదాచుకున్నారు. యుద్ధం మొదలైనప్పటి నుండి ఫ్రాన్సిస్ పోపుగారు దాదాపు ప్రతి సాయంత్రం వారికి ఫోను చేసేవారు. ఎలా ఉన్నారు, ఏమి తిన్నారు అని అడిగేవారు. 2025 ఏప్రిల్ 21న కన్నుమూయడానికి రెండు రోజుల ముందు కూడా ఫోను చేశారు. ఆ జూలై 17న అదే గుడి మీద దాడి జరిగి ముగ్గురు చనిపోయారు. విచారణ గురువులు గాయపడ్డారు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మన ప్రభువు కూడా ఓలివు తోటలోనే ప్రార్థించారు. ఆ పాత్ర తొలగిపోలేదు. కాని ఆ ప్రార్థన నుండి లేచినప్పుడు ఆయనలో భయం లేదు, పగ లేదు. పేతురు కత్తిని ఒరలో పెట్టించారు. గాయపడిన శత్రువు చెవిని బాగుచేశారు. క్రెమిజాన్ కుటుంబాలకు దక్కిన ఫలం కూడా ఇదే. చెట్లు పోయాయి, ద్వేషం మాత్రం వారిని గెలవలేదు. ఇది చిన్న ఫలమని, పోయిన పొలానికి ఇది సరిపోయిందని మనం అనరాదు. పొలం ఇంకా న్యాయం కొరకు మొర పెడుతూనే ఉంది.

ఇంటివద్ద చేయదగినవి: శుక్రవారం ఒక పూట ఉపవాసం ఉండండి. జపమాలలో ఒక పదిని గాజా తల్లుల కొరకు, మరొక పదిని ఇశ్రాయేలు తల్లుల కొరకు చెప్పండి. ఇక మన ఊళ్ళో సంగతి. గట్టు తగాదాతో పదేళ్ళుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే గుడికి వస్తారు, సమాధాన చిహ్నం వేళ ముఖాలు తిప్పుకొంటారు. ఆ గోడ కట్టింది ఏ ప్రభుత్వం? ఈ వారం వారిలో ఒకరి ఇంటికి వెళ్ళండి. తప్పు మనదైతే గట్టు జరిపి మరీ వెళ్ళండి.

ప్రార్థన: ఓ ప్రభువా, నీవు నడచిన నేల నెత్తురుతో తడిసింది. ఇల్లు పోయినవారికి ఇల్లు, బిడ్డ పోయినవారికి ఓదార్పు దయచేయుము. ఆయుధం పట్టినవారి మనసు మార్చుము. మా గుమ్మం ముందు మేము కట్టుకున్న గోడను మా చేతులతోనే పడగొట్టే ధైర్యం మాకిమ్ము. ఆమెన్.