వ్యాసుని విచారము – నారదుని ప్రశ్న

శ్రీమద్భాగవత ప్రథమస్కంధమున, మహాకార్యములు ముగించినవాని మనస్సు ఎట్లుండునో తెలుపు ఘట్టమొకటి కలదు. వేదమును నాలుగుగా విభజించి, ఋక్కును పైలునకు, సామమును జైమినికి, యజుస్సును వైశంపాయనునకు, అథర్వమును సుమంతునకు అప్పగించి, భారతమును కూడ రచించిన వ్యాసభగవానుడు ఒకనాటి ప్రాతఃకాలమున సరస్వతీ తీరమున ఒంటరిగా కూర్చుండెను. శిష్యులు కలరు, కీర్తి కలదు. హృదయమునకు మాత్రము తృప్తి లేదు.

ఓడినవాడు దుఃఖించుట లోకమెరుగును. గెలిచినవాడు దుఃఖించినచో లోకము నమ్మదు. కనుకనే అతడు దానిని దాచుకొనును.

చీమకుర్తి సంగతి చూడుడు. ఆ ఊరి నల్లరాయి, లోన బంగారు చుక్కలు మెరయుటచే ‘బ్లాక్ గెలాక్సీ’ యను పేరుతో దేశదేశములకు పోవుచున్నది. రాయితోపాటు కొన్ని కుటుంబములును పైకి వచ్చినవి. క్వారీ నడుపువాడు, ఎగుమతి లెక్కలు చూచువాడు, మిరప, పత్తి పండించిన తండ్రి కష్టముతో ఇంజనీరైన బిడ్డ – వీరికేమి తక్కువయని ఊరనుకొనును. అట్టివానికి రాత్రి నిద్ర రాదు; ఫోను మ్రోగిన గుండె దడదడలాడును; నిన్నటివరకు ప్రీతితో చేసిన పని నేడు విషమువలె తోచును. నోరు విప్పిన, “అన్నీ ఉన్నవాడివి, నీకేం బాధరా?” యని ఇంటి పెద్దలందురు. ప్రేమతో అన్నమాటయే, కాని దానితో ఆ నోరు మరల తెరచుకొనదు.

1974లో అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ అను మనస్తత్వవేత్త, ఉచిత వైద్యశాలలలో ఉత్సాహముతో సేవచేయువారే క్రమముగా కృశించుట చూచి, ‘బర్న్‌అవుట్’ అను పేరుతో దీనిని గూర్చి వ్రాసెను. చమురింకిన దీపమన్నచో మనకు సులువుగా తెలియును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగముగా గాక, వృత్తిలోని ఎడతెగని ఒత్తిడివలన కలుగు స్థితిగా పేర్కొని మూడు గురుతులు చెప్పినది: శక్తి ఉడిగిపోవుట, పనిపై విముఖత, చేయగలనను నమ్మకము సన్నగిల్లుట.

ఇక నారదుని రాక. ఆయన వచ్చుటతోడనే బోధ మొదలిడలేదు. నీ దేహమునకు, మనస్సునకు తుష్టి కలదా యని అడిగెను. ఇంత సాధించియు కృతార్థుడు కానివానివలె ఏల శోకించుచున్నావనెను. వ్యాసుడును బింకము చూపలేదు. మీరన్నవన్నియు నిజమే, అయినను ఆత్మకు తృప్తి లేదు, మూలమేమో మీరే చెప్పుడని వేడెను. సర్వజ్ఞుడనిపించుకొన్నవాడు అట్లడుగుట భారతరచనకంటె తేలికైన పని కాదు. అప్పుడు నారదుడు భగవద్గుణ కీర్తనము కొరవడినదని లోపము చూపి, తాను పూర్వజన్మమున దాసీపుత్రుడనై, పాము కాటున తల్లిని పోగొట్టుకొని తిరిగిన కథను దాచక చెప్పెను.

నేటి మానసిక చికిత్సకుడు నారదుడు కాడు, మంత్రోపదేశము చేయడు. అడుగుట, వినుట, మూలము వెదకుట మాత్రము ఆయన పనియే. “ఈ ఏడు ఆర్డరు తప్పితే నేను పనికిరానివాణ్ణి” యన్న తలపును కాగితముపై వ్రాయించి, అది ఎంతవరకు సత్యమో అతనిచేతనే పరీక్ష చేయించును. నిద్రవేళ కుదుర్చును, పనిలో ఇతరులకు వదలదగినదేదో ఏర్పరుపించును. రాతిదిమ్మెలోని సన్నబీట పొడిగా నున్నప్పుడు కానరాదు. నీరు చల్లి ఆరనిచ్చిన, తేమ నిలిచినచోట గీతయై తోచును. ఆ సంభాషణమును అట్టిదే. అయితే మోయరాని భారమును మోపు యజమాని మారనిచో, మోయువానికి మాత్రమే చికిత్స చేసిన ప్రయోజనము కొంతయే.

గుడికి పోయిన చాలును, డాక్టరేల యనువారు కలరు. జ్వరము వచ్చిన వీరే మందు మ్రింగుదురు! దిగులు వారములు గడచినను వీడకున్నను, చావు తలపులు వచ్చుచున్నను వైద్యుని చూచుట తప్పనిసరి. అది కేవలము అలసట కాకపోవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలిమానస్ 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

నారదుడు వీణ మీటుచు వెడలిపోయెను. వ్యాసుడు శమ్యాప్రాసమను ఆశ్రమమున, రేగుచెట్ల నడుమ, మనస్సు నిలుపుకొని కూర్చుండి భాగవతమును రచించెను. దానిని శిష్యులకు గాక, మొదట తన కుమారుడైన శుకునకు చెప్పెను.