తామరాకు నేర్పిన పాఠం

తామరాకు మీది నీటిబొట్టును మన పెద్దలు నిర్లిప్తతకు ఉపమానంగా చెప్పినారు. ఆ ఉపమానంలో ఒక భౌతికశాస్త్ర పాఠం కూడ ఇమిడి ఉన్నది.

అనకాపల్లి పల్లెలలో బెల్లం వండే పొయ్యికి దూరంగా నిలిచినా ముఖానికి సెగ తగులుతుంది. ఆ సెగను మోసుకువచ్చేవి ముఖ్యంగా పరారుణ కిరణాలు. వీటిని 1800లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. మన దేహం వెలువరించే కిరణాలు సుమారు 9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద మిక్కుటంగా ఉంటాయి. వీటిని పసిగట్టే యంత్రనేత్రం చీకటిలో మనిషిని, కర్మాగారంలో మితిమీరి వేడెక్కిన గొట్టాన్ని గుర్తించగలదు.

ఆ నేత్రానికి రక్షణగా ఒక కిటికీ అవసరం. మామూలు గాజు ఈ కిరణాలను మింగివేస్తుంది. కనుక జెర్మేనియం, జింక్ సల్ఫైడ్ వంటివి వాడుతారు. అయితే వక్రీభవన గుణకం అధికమగుటచేత జెర్మేనియం ఒక్కొక్క తలం వద్ద 36 శాతం, జింక్ సల్ఫైడ్ సుమారు 14 శాతం కిరణాలను వెనుకకు మళ్ళిస్తాయి. దీనికి వాన తోడైతే చెప్పనక్కరలేదు. తలవెంట్రుక మందం గల నీటిపొర 10 మైక్రాన్ల కిరణాలను దాదాపు పూర్తిగా పీల్చివేస్తుంది. ఆపదవేళ చూడవలసిన కన్ను అప్పుడే గుడ్డిదవుతుంది.

ఈ రెండు లోపాలకూ ప్రకృతిలోనే మార్గమున్నది. తామరాకు నిండా మైనం పూసిన అతిసూక్ష్మమైన బుడిపెలు ఉంటాయి. నీరు వాటి కొనలపైననే నిలిచి, గుండ్రని బొట్టై దొర్లుతూ ధూళిని వెంట తీసుకుపోతుంది. ఈ సంగతిని 1997లో జర్మన్ శాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హ్యూస్ విశదపరచారు. దీపం చుట్టూ తిరిగే రాత్రి పురుగు కంటిమీద ఇంకా చిన్న బుడిపెలు ఉన్నాయి. వాటి ఎడం కాంతి తరంగదైర్ఘ్యం కంటె తక్కువ. అందుచేత కాంతికి మెట్టు బదులు వాలు ఎదురై, పరావర్తనం తగ్గుతుంది.

కిటికీ తలాన్ని ఇట్టి బుడిపెలుగా చెక్కి, నీటిని అంటనీయని పలుచని పూత పూస్తే రెండు ప్రయోజనాలూ ఒకేచోట సిద్ధిస్తాయి. కాని బుడిపెలు పెద్దవైతే కిరణాలు చెదరిపోతాయి. మరీ సన్ననివైతే ఇసుకరేణువుల తాకిడికి విరిగిపోతాయి. సున్నితత్వానికీ దృఢత్వానికీ పొత్తు కుదర్చడమే శాస్త్రజ్ఞుల ముందున్న అసలు సమస్య.

హైదరాబాదు శివారు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రం పరారుణ కిరణాలను పోనిచ్చే పింగాణీలపైననూ, సౌరఫలకాలపై ధూళి నిలువనీయని పూతలపైననూ కృషి చేసింది. పరవాడ, అచ్యుతాపురం కర్మాగారాలూ, ఉప్పుగాలి వీచే సముద్రతీరమూ మన జిల్లాలోనే ఉన్నాయి. ఇట్టి కిటికీ అవసరం మనకు దూరపు మాట కాదు.

విద్యార్థులారా! ఈసారి చెరువుగట్టున నడిచేటప్పుడు తామరాకుపై నాలుగు చుక్కలు చల్లి చూడండి. ప్రశ్న అక్కడే మొదలవుతుంది.